కణాల గుంపు నడకకు గణిత నమూనా కట్టడం

గుంటూరులో జీవశాస్త్రం చదివే విద్యార్థి, పళ్లెంలో పెంచిన కణాల పొరపై గీత గీసి, ఆ ఖాళీ పూడుతుండగా అంచు గంటకు ఎన్ని మైక్రాన్లు జరుగుతున్నదో ముందుగా ఫోటోల నుంచి కొలవాలి. విస్తరణ గుణకం (కణాలు ఎంత త్వరగా చెదిరి పరుచుకుంటాయో చెప్పే సంఖ్య) గంటకు 900 చదరపు మైక్రాన్లు, విభజన రేటు గంటకు 0.04 అనుకుంటే, చెదరడం, విభజన కలిసి అంచును ఎంత వేగంగా నడుపుతాయో చెప్పే 1937 నాటి ఫిషర్ సమీకరణం ప్రకారం ఈ రెండింటి లబ్ధం 36, వర్గమూలం 6, రెట్టింపు చేస్తే అంచు వేగం గంటకు 12 మైక్రాన్లు.

కొలత బాగా తక్కువ వస్తే కణాలు ఒకదాన్నొకటి అంటిపెట్టుకునే అతుకును అనుమానించాలి. దసరాకు ఇంద్రకీలాద్రి ఎక్కే కుటుంబం చేతులు పట్టుకుంటే నడక నెమ్మదిస్తుంది కదా. అప్పుడు గ్రానర్, గ్లేజియర్ 1992లో ప్రతిపాదించిన సెల్యులర్ పాట్స్ నమూనాకు మారడం మేలు. అందులో ప్రతి కణమూ కొన్ని గళ్ల సముదాయం; రెండు కణాలు తాకే సరిహద్దుకు ఇచ్చే శక్తి విలువను తగ్గిస్తే అతుకు బలపడుతుంది. ప్రతి కణమూ తన నిర్ణీత వైశాల్యానికి దగ్గరగా ఉండాలనే నిబంధనను మరిస్తే కణాలు కుంచించుకుపోయి మాయమవుతాయి. నాకు రెండు రాత్రులు అలాగే పోయాయి.