డాబా మీద గోధుమ – 4వ పాఠం: రంగు చూసి రకాన్ని మెచ్చుకోవద్దు

పోయిన పాఠంలో రెండు రకాల విత్తనం సిద్ధం చేసుకున్నాం. ఒకటి పొడవుగా పెరిగే పాత రకం సి 306, రెండోది పొట్టి రకం హెచ్‌డి 2967. కిరాణా షాపు గోధుమలు ఈ పనికి రావు, అవి ఏ రకమో అమ్మేవాళ్లకే తెలియదు. తొలిదశలో ఏ రకం జోరుగా ఆకులు పరుస్తుందో, నత్రజని వేస్తే ఏ రకం ఎంత స్పందిస్తుందో పోల్చడానికి వీటిని ఈ వారం విత్తుదాం. మన గుంటూరు ఎండలకు గోధుమ తట్టుకోలేదు కాబట్టి డిసెంబరు దాటనివ్వకండి.

విత్తే ముందు గింజల బరువు సరిచూడాలి. ఈ పాఠంలో అన్నిటికన్నా ఓపిక కావాల్సిన పని ఇదే. పెద్ద గింజలో పిండం పెద్దది, పిండిపదార్థం ఎక్కువ, కాబట్టి దాని మొలక ఏ రకమైనా జోరుగానే లేస్తుంది. ఆ జోరును జన్యువుల ఖాతాలో వేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. ముందు రెండు రకాలనూ ఒకే జల్లెడతో జల్లించండి. తర్వాత బంగారం తూచే చిన్న కాటా మీద పదేసి గింజలు పెట్టి, రెండు రకాల్లోనూ 0.40 గ్రాముల దగ్గర తూగేవే ఏరుకోండి.

అన్నీ 3 సెంటీమీటర్ల లోతులోనే పెట్టాలి. పొట్టి రకాలకు జపాన్‌లోని నోరిన్ 10 నుంచి వచ్చిన జన్యువులు మొక్కను పొడవుగా సాగదీసే జిబ్బరెల్లిన్ హార్మోనుకు మొక్క స్పందనను తగ్గిస్తాయి. దానివల్ల కాండంతో పాటు మొలకను కప్పే తొడుగు కూడా పొట్టిదవుతుంది. విత్తనం లోతుగా పడితే ఆ మొలక పైకి రావడానికి అవస్థ పడుతుంది.

ఒక్కో రకానికి ఎనిమిది కుండీలు తీసుకోండి. ఇసుక ఎక్కువ, నల్లమట్టి తక్కువ కలపండి. ఉత్త నల్లమట్టిలో నత్రజని ఎంత ఉందో అంచనా వేయలేం. లీటరు నీళ్లలో ఆరున్నర గ్రాముల యూరియా కరిగించి, నాలుగు కుండీలకు 100 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. యూరియాలో 46 శాతం నత్రజని కాబట్టి కుండీకి 0.3 గ్రాములు అందుతుంది. మిగతా నాలుగింటికి అంతే నీళ్లు పోస్తే చాలు. కుండీ కింద పళ్లెం తప్పనిసరి. యూరియాలోని నత్రజని మట్టిలో నైట్రేటుగా మారుతుంది, నీటితో పాటు అది కూడా కిందికి పోతుంది కాబట్టి పళ్లెంలో చేరిన నీటిని తిరిగి అదే కుండీలో పోయాలి. పిట్టగోడ నీడ కొన్నిటి మీదే పడకుండా రెండు మూడు రోజులకోసారి కుండీల చోటు మార్చండి.

ఇక కొలత. గోధుమ సుమారు 100 డిగ్రీ-రోజులకు, అంటే రోజువారీ సగటు ఉష్ణోగ్రతలు కూడితే 100 అయ్యేసరికి, ఒక ఆకు వేస్తుంది. రోజు సగటు 24 డిగ్రీలుంటే నాలుగు రోజులకో ఆకన్నమాట. రెండో ఆకు పూర్తిగా విచ్చుకున్నాక పొడవు, బాగా వెడల్పున్న చోట వెడల్పు కొలిచి, రెండూ గుణించి, మళ్లీ 0.8తో గుణించండి. 18 సెంటీమీటర్ల పొడవు, 0.9 వెడల్పు ఉంటే దాదాపు 13 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు 0.7 అయితే 10 మాత్రమే. రెండు మిల్లీమీటర్లలో ఇంత తేడా ఉంది! అందుకే ఎత్తు కన్నా వెడల్పు మీద దృష్టి పెట్టమంటాను.

మన వైపు వరి చేను నల్లబడితే ఎరువు బాగా పట్టిందంటారు. ఒకే రకాన్ని చూస్తున్నప్పుడు ఆ మాట నిజమే. రెండు రకాలను పోల్చేటప్పుడు మాత్రం రంగు మోసం చేస్తుంది. తొలిదశలో జోరుగా పెరిగే మొక్కలకు తరచుగా ఆకు వెడల్పుగా, పల్చగా ఉంటుంది. అదే నత్రజని ఎక్కువ విస్తీర్ణంలో పరుచుకోవడంతో రంగు కాస్త పాలిపోయినట్టు కనిపిస్తుంది. అది లేమి కాకపోవచ్చు. ఆకులు త్వరగా పరుచుకుంటే మట్టి నీడలో పడి తేమ నిలుస్తుంది. దానితో పాటు వేర్లూ ముందే కిందికి దిగితే, వానకు కొట్టుకుపోయేలోపే నైట్రేటును అందుకుంటాయి. పశ్చిమ ఆస్ట్రేలియా ఇసుక నేలల్లో పరిశోధకులు ఈ గుణం కోసం వెతకడానికి కారణం ఇదే.

కాబట్టి పుస్తకంలో రంగుకు ఒక గడి, విస్తీర్ణానికి ఒక గడి వేరువేరుగా గీయండి. ప్రతి రకంలో యూరియా వేసిన కుండీల సగటు విస్తీర్ణంలోంచి వేయని వాటి సగటు తీసేసి రాసుకోండి. తీసుకున్న నత్రజనిని మొక్క గింజగా ఎంత మార్చుకుందన్నది వేరే ప్రశ్న, దానికి కోత దాకా ఆగాలి. వచ్చే పాఠానికి మూడో ఆకు కొలతలు, కుండీకి ఒక మొక్క చొప్పున పీకి ఆరబెట్టిన బరువులు తెచ్చుకోండి.