పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు లినక్స్ డెస్క్‌టాప్ మొరాయిస్తుంటే

40 జీబీ పెళ్లి వీడియోలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికి బ్రౌజర్ స్తంభించిపోవడం, టైపు చేసిన అక్షరాలు ఆలస్యంగా కనబడటం, మౌస్ పాయింటర్ మాత్రం ఏమీ ఎరగనట్టు కదులుతూ ఉండటం లినక్స్ వాడేవారిలో చాలామందికి తెలిసిన అనుభవమే. ఆ సమయంలో ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఇంకా వేగమైన ప్రాసెసర్ కొన్నంత మాత్రాన ఈ బాధ తీరదు; ర్యామ్ పెంచితే ఒక్కోసారి ఎక్కువ కూడా కావచ్చు. అదెలాగో కింద వివరిస్తాను. ఇక్కడ ఆదేశాల పేర్లను పలికినట్టుగా రాశాను, టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిషు అక్షరాలతో టైపు చేయాలి.

ముందుగా దోషం ఎక్కడుందో తేల్చుకోవాలి. కాపీ నడుస్తుండగా 'వీఎంస్టాట్ 1' అనే ఆదేశం ఇస్తే సెకనుకొక వరుస చొప్పున అంకెలు వస్తాయి. వాటిలో 'ఎస్ఐ', 'ఎస్ఓ' గడులు సున్నా దగ్గరే ఉండి, 'డబ్ల్యూఏ', 'బి' గడులు మాత్రం పెరుగుతుంటే ప్రోగ్రాములు డిస్కు కోసం ఎదురుచూస్తున్నాయని అర్థం. అలా కాక ఎస్ఐ, ఎస్ఓ అంకెలే ఎడతెగకుండా పెద్దవిగా ఉంటే ర్యామ్ చాలక స్వాప్ (ర్యామ్‌కు బదులుగా వాడే డిస్కు భాగం) మీద పడుతోందన్నమాట. అది వేరే రోగం, ఈ మందు దానికి పనిచేయదు. ఏ ప్రోగ్రామ్ ఎక్కువ రాస్తోందో 'ఐఓటాప్' చూపిస్తుంది.

ఇప్పుడు కారణం. ఒక ప్రోగ్రామ్ ఫైలు రాసినప్పుడు కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రధాన ప్రోగ్రామ్) ఆ సమాచారాన్ని వెంటనే డిస్కుకు పంపకుండా ముందు ర్యామ్‌లో దాచుకుంటుంది. ఇలా రాయవలసి ఉండి ఇంకా రాయని భాగాన్ని 'డర్టీ' అంటారు. ఇది అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం దాటగానే కెర్నల్ తెరవెనుక రాయడం మొదలుపెడుతుంది. 20 శాతం హద్దుకు దగ్గరవుతున్నకొద్దీ రాస్తున్న ప్రోగ్రాములనే ఆపి ఆపి నడిపిస్తుంది. కెర్నల్‌లో సహజంగా ఉండే విలువలు ఇవే. శాతంగా చూస్తే చిన్నవే కానీ, 6 జీబీ మెమరీ అందుబాటులో ఉన్న యంత్రంలో 20 శాతమంటే 1.2 జీబీ. సెకనుకు 8 ఎంబీ మాత్రమే రాయగల పెన్‌డ్రైవ్‌కు ఆ మూట దించుకోవడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. ర్యామ్ పెరిగితే మూట కూడా పెరుగుతుంది. సొంత హార్డ్ డిస్కులోకే కాపీ చేస్తుంటే పరిస్థితి మరింత ఇబ్బందికరం: బ్రౌజర్ తన చిన్న డేటాబేసును భద్రపరచడానికి 'ఎఫ్‌సింక్' (అంటే వెంటనే డిస్కుకు చేర్చడం) కోరినప్పుడు ఆ నాలుగు కిలోబైట్లు కూడా ఈ పెద్ద బారు వెనకాలే నిలబడవలసి వస్తుంది.

'వాచ్ గ్రెప్ డర్టీ /ప్రాక్/మెమ్‌ఇన్ఫో' అనే ఆదేశంతో ఈ మూట బరువును కళ్లారా చూడవచ్చు. 'డర్టీ'లోని మొదటి అక్షరం 'డి'ని పెద్ద అక్షరంగా టైపు చేయడం మరవకండి.

పరిష్కారం ఈ హద్దును శాతాల్లో కాక బైట్లలో బిగించడం. 'సుడో సిస్‌సీటీఎల్ వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్=67108864' అని ఒకసారి, 'సుడో సిస్‌సీటీఎల్ వీఎం.డర్టీ_బైట్స్=268435456' అని మరోసారి ఇస్తే 64 ఎంబీ దగ్గర రాత మొదలై, 256 ఎంబీ దగ్గర కళ్లెం పడుతుంది. యంత్రాన్ని రీస్టార్ట్ చేస్తే పాత విలువలే తిరిగి వస్తాయి కనుక పరీక్షించి చూడటానికి భయపడనక్కరలేదు. ఫలితం నచ్చితే ఈ రెండు వరుసలనూ, 'సుడో సిస్‌సీటీఎల్' అనే మాటలు లేకుండా, /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి ఫోల్డరులో '.కాన్ఫ్' అనే తోకతో ఒక ఫైలుగా దాచుకోవాలి. వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్నవారు 256 ఎంబీకి బదులు 1 జీబీ పెట్టుకున్నా నష్టం లేదు. ఈ మార్పు తర్వాత కాపీ పట్టీ మునుపటికంటే నెమ్మదిగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. నిజానికి ఇప్పుడే అది ఉన్నదున్నట్టు చెబుతోంది, మొదట్లో పరుగెత్తినదంతా ర్యామ్‌లోకే.

రెండో మెట్టు షెడ్యూలర్, అంటే డిస్కు పనులను ఏ వరుసలో జరపాలో నిర్ణయించే కెర్నల్ భాగం. 'క్యాట్ /సిస్/బ్లాక్/ఎస్‌డీఏ/క్యూ/షెడ్యూలర్' ఇస్తే ప్రస్తుతం వాడుకలో ఉన్న పేరు చదరపు కుండలీకరణాల్లో కనిపిస్తుంది. తిరిగే హార్డ్ డిస్కుకు, సాటా ఎస్‌ఎస్‌డీకి 'బీఎఫ్‌క్యూ' డెస్క్‌టాప్ చురుకుదనాన్ని బాగా కాపాడుతుంది. ఇది 2017లో 4.12 కెర్నల్‌తో వచ్చింది. ఎన్‌వీఎంఈకి మాత్రం 'నన్' (ఏ షెడ్యూలరూ లేకపోవడం) అలాగే ఉండనివ్వడం మేలు. సీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్‌ను పెట్టుకోమనే పాత సలహాలను పట్టించుకోకండి. 2019 నాటి 5.0 కెర్నల్‌తోనే అది తొలగిపోయింది.

డిస్కు వాడకంలో ఒక ప్రోగ్రాముకు ప్రాధాన్యం మార్చే 'ఐఓనైస్' ఆదేశం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అందరూ మొదట సూచించేది దాన్నే. దాని ప్రాధాన్యం చదవడానికి, నేరుగా డిస్కుకు చేసే రాతలకు వర్తిస్తుంది. ర్యామ్‌లో దాచి తర్వాత రాసే మామూలు కాపీని డిస్కుకు చేర్చేది కెర్నల్ తరఫు పనివాడు కాబట్టి అక్కడ అది అంతగా అక్కరకు రాదు. దానికంటే ఫైళ్లను కాపీ చేసే 'ఆర్‌సింక్' ఆదేశానికి 'బీడబ్ల్యూలిమిట్=20000' అనే ఐచ్ఛికాన్ని ముందు రెండు అడ్డగీతలతో జోడిస్తే సెకనుకు సుమారు 20 ఎంబీకి మించి రాయకుండా ఆగుతుంది. రాత్రివేళ బ్యాకప్‌లకు నేను వాడేది ఇదే.

ఇవన్నీ చేసినా మార్పు లేకపోతే డిస్కునే అనుమానించాలి. చవక ఎస్‌ఎస్‌డీలు తమ వేగమైన క్యాష్ నిండిన తర్వాత ఒక్కసారిగా చతికిలబడతాయి, నిండుకుండలా ఉన్నప్పుడు మరీను. కొంత చోటు ఖాళీ చేసి ఖాళీ అయిన చోట్లను ఎస్‌ఎస్‌డీకి తెలియజేసే 'సుడో ఎఫ్‌ఎస్‌ట్రిమ్ /' ఆదేశాన్ని నడిపి చూడండి. హార్డ్ డిస్కు అయితే డిస్కు ఆరోగ్యాన్ని చూపే 'స్మార్ట్‌సీటీఎల్' నివేదికలో, చెడిన లేదా చెడినట్టు అనుమానమున్న చోట్లను లెక్కించే 5, 197 సంఖ్యల వరుసల్లో అసలు విలువ సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే, ట్యూనింగ్ మాట పక్కనబెట్టి ముందు ఫైళ్లను మరో డిస్కులోకి తరలించండి.