బరువు తగ్గట్లేదా? తిండి ఇంకా తగ్గించే ముందు కారణం పట్టుకోండి

వారానికి అరకిలో నుంచి కిలో దాకా తగ్గుతుంటే మీ పద్ధతి బాగానే ఉంది, దాన్ని కెలకొద్దు. అంతకంటే నెమ్మదిగా తగ్గినా కంగారేం లేదు. అసలు కదలకపోతే మాత్రం కింద మీ సమస్య ఏదో చూసుకుని, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నాలుగూ కలిపి మొదలుపెడితే దేనివల్ల తగ్గారో మీకే తెలీదు.

సమస్య: మొదటి వారం రెండు కిలోలు తగ్గి, తర్వాత ఆగిపోయింది

కారణం: అలా పోయింది చాలావరకు నీరే. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న పిండి పదార్థం) నిల్వ ఉంటుంది, దాని ఒక్కో గ్రాము సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించగానే ఆ రెండూ కలిసి దిగిపోతాయి. కిలో కొవ్వు కరగాలంటే దాదాపు 7,700 కేలరీల లోటు పడాలి, అంటే తిన్నదానికంటే అంత ఎక్కువ ఖర్చవ్వాలి, కాబట్టి రెండు కిలోల కొవ్వు వారంలో కరగడం అయ్యే పని కాదు.

పరిష్కారం: మొదటి వారం లెక్క వదిలేసి, రెండో వారం నుంచి చూడండి.

సమస్య: నిన్నటికి, ఇవాళ్టికి కిలో తేడా

ఉప్పు ఎక్కువైనా, మలబద్ధకం ఉన్నా, నెలసరి దగ్గర పడినా, కొత్తగా వ్యాయామం మొదలై ఒళ్లు నొప్పులున్నా ఒంట్లో బరువు నిలుస్తుంది. అది కొవ్వు కాదు. పొద్దున్నే బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు చూసుకుని, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. నడుము కొలత కూడా రాసుకోండి. రోజుకు మూడుసార్లు మెషీన్ ఎక్కితే వచ్చేది టెన్షన్ ఒక్కటే.

సమస్య: తినేది తక్కువే, అయినా తగ్గట్లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వాళ్లేం అబద్ధం చెప్పట్లేదు, తిన్నదంతా లెక్కలోకి రావట్లేదంతే. పిండి పదార్థం, ప్రోటీన్ గ్రాముకు 4 కేలరీలిస్తే కొవ్వు 9 ఇస్తుంది, అందుకే పెద్ద చెంచాడు నూనెలోనే సుమారు 120 కేలరీలుంటాయి. మీరు రోజూ సీసాతో నేరుగా బాణలిలో పోసేంత నూనె ఒకసారి ఖాళీ గిన్నెలోకి కళ్లంచనాతో పోసి, దాన్ని చెంచాతో కొలవండి. ఒక చెంచా అనుకున్నది రెండో మూడో తేలితే ఆశ్చర్యపోవద్దు. ఇక వండుతూ చూసిన రుచులు, పిల్లల ప్లేట్లో మిగిలినవి, పంచదార వేసిన కాఫీలు, జ్యూసులు ఎవరి లెక్కలోనూ ఉండవు. ఐదు రోజులు కట్టుదిట్టంగా ఉండి సెలవుల్లో రెండు రోజులు వదిలేస్తే వారం లోటంతా పూడిపోవచ్చు.

పరిష్కారం: ఒక్క వారం నోట్లో పెట్టుకునే ముందే ప్రతిదీ రాయండి, తిన్నాక రాస్తే సగం మర్చిపోతాం. నూనె చెంచాతోనే వేయండి. ముందు తాగే కేలరీలు తీసేయండి, ఎందుకంటే వాటితో కడుపు నిండదు కాబట్టి మానేసినా పెద్దగా ఆకలి పెరగదు.

సమస్య: రోజూ వ్యాయామం చేస్తున్నా ఫలితం లేదు

పొద్దున గంట నడిచి, ఆ ధైర్యంతో రెండు ముద్దలు ఎక్కువ తిని, మిగతా రోజంతా కుర్చీలో కూర్చుంటే నడిచింది కాస్తా చెల్లిపోతుంది. చేతి వాచీ చూపే కేలరీలను నమ్మి వాటికి సరిపడా తినొద్దు, ఆ అంకె చాలాసార్లు తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం. ఈ రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, తగ్గే బరువులో కండ కూడా పోకుండా ఆపేది అదే.

సమస్య: రాత్రయ్యేసరికి ఆకలి ఆగదు

పగలు మరీ కడుపు మాడ్చుకుంటున్నారు, లేదా నిద్ర చాలట్లేదు. పగటి భోజనంలో ప్రోటీన్, కూరగాయలు పెంచండి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది, దాన్ని మనోబలంతో గెలవాలని చూడొద్దు.

సమస్య: నెలల తరబడి తగ్గి, ఇప్పుడు ఆగింది

ఒళ్లు తగ్గింది కాబట్టి దానికి కావలసిన తిండీ తగ్గింది. కొంచెం తగ్గించండి, లేదా నడక పెంచండి. విసుగొస్తే కొన్ని వారాలు ఇదే బరువు దగ్గర నిలబడ్డా నష్టం లేదు.

ఇంట్లో తేలనివి

జుట్టు రాలుతోంది, కళ్లు తిరుగుతున్నాయి, నెలసరి తప్పింది అంటే మరీ తక్కువ తింటున్నారేమో, తిండి పెంచి డాక్టర్‌ని కలవండి. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లూ రావచ్చు. అన్నీ సరిగ్గా చేసినా కదలకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి. స్టెరాయిడ్లు, కొన్ని మానసిక వైద్యపు మందులు బరువు పెంచుతాయి, అయినా సొంతంగా ఆపొద్దు. షుగర్‌కు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, పాత డోసే కొనసాగిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.