తాడు లాగడం ఆఖరి పని

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల్లో వలలు అల్లుకుంటాం, తెప్ప అడుగున అతుకులు వేయించుకుంటాం, రంగు కొట్టిస్తాం. తెప్ప వెనక బిగించే అవుట్‌బోర్డు ఇంజను మాత్రం పట్టా కప్పుకుని ఇంటి మూలనే ఉంటుంది. జూన్ 14 అర్ధరాత్రి దాటగానే దాన్ని భుజాన మోసుకెళ్లి తెప్పకు బిగించి, అంటించడానికి తాడు లాగుతాం. కొందరి ఇంజన్లయితే ఏడాదో రెండేళ్లో కదలకుండా ఉండి, ఆ రోజే మొదటిసారి బయటికొస్తాయి.

అసలు అంటుకోకపోతే పోయేది ఒక రోజు వేటే. అంటుకుని, పది నిమిషాలు నడిచి, కెరటాలు విరిగే చోట ఆగిపోతేనే ప్రాణం మీదికొస్తుంది. జూన్ నాటికి నైరుతి గాలి అందుకుని ఉంటుంది. ఉప్పాడలోనో భీమిలిలోనో ఇసుక మీద నుంచి తోసుకెళ్లే తెప్పకు మొదట ఎదురయ్యేది ఆ కెరటాల వరసే. మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, దాటి వెళ్లేవాళ్లకూ అంతే. అక్కడ ఇంజను ఆగిందంటే తెప్ప అడ్డం తిరుగుతుంది, తర్వాతి కెరటానికి బోల్తా పడుతుంది. అందుకే కనీసం వారం ముందే ఇంజనును వెలుగులోకి తెచ్చి, పగటిపూట తీరిగ్గా చూడమని బతిమాలి చెబుతున్నాను.

పైమూత తీయగానే ఎలుక గూడుందేమో చూడండి. ఎలుకలు వైర్లనీ పెట్రోలు గొట్టాలనీ కొరుకుతాయి. తర్వాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజనాయిలు పోసి, ఒక రాత్రి వదిలేయండి. ఉప్పుగాలికి పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు పట్టేసి ఉండొచ్చు. తెల్లారాక ఫ్లైవీలును చేత్తో నెమ్మదిగా, అది మామూలుగా తిరిగే వైపే తిప్పండి. వెనక్కి తిప్పితే అడుగున నీటి పంపులో ఉండే రబ్బరు రెక్కలు మడత పడి విరుగుతాయి. గట్టిగా పట్టేసి ఉంటే బలం వాడొద్దు, ఇంకాస్త ఆయిలు పోసి మరో రోజు ఆగండి. పట్టేసిన ఇంజను మీద తాడు లాగితే తాడే తెగుతుందో, లోపల ఇంకేదైనా విరుగుతుందో చెప్పలేం.

ఇక పెట్రోలు. ట్యాంకులో మిగిలిన పాతది, ఎంత ఉన్నా సరే, వాడొద్దు. లీటరు ధర తలుచుకుంటే మనసు ఒప్పదని నాకు తెలుసు. కానీ ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. సముద్రం ఒడ్డున తేమకు కొదవేముంది? నీళ్లు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుక్కి దిగి విడిగా ఒక పొరలా నిలుస్తాయి. ట్యాంకు గొట్టం పీల్చేది ఆ అడుగు నుంచే. టూస్ట్రోక్ ఇంజనుకు పెట్రోలుతో కలిసి వెళ్లే ఆయిలే ప్రాణం. ఆ అడుగు పొరలో ఆయిలు ఉండదు. అంటే ఇంజను నడుస్తూనే లోపల ఎండిపోయి గీరుకుపోతుంది.

కార్బురేటర్‌లో మిగిలిన చుక్కలు ఈలోగా ఆరి బంకలా మారతాయి. దాన్ని విప్పి, గిన్నె కడిగి, సన్నటి జెట్ల రంధ్రాలను కార్బురేటర్ క్లీనరుతోనూ గాలితోనూ శుభ్రం చేయాలి. సూది పెట్టి పొడవొద్దు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు, గాలి పాళ్లు మారిపోతాయి. చేతి పంపు రబ్బరు బల్బు, గొట్టాలు నొక్కి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చడమే. ఈ పనంతా ఆరుబయట, పొయ్యికీ బీడీకీ దూరంగా చేయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కంటికి కనబడకుండా నేల వెంట పాకుతుంది.

కొత్త పెట్రోలులో ఆయిలు ఎంత కలపాలో ఇంజను పుస్తకంలో ఉంటుంది. 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. పాత రకాలకు ఇంకా ఎక్కువ కావాలి. ఆ ఆయిలు కూడా డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న అవుట్‌బోర్డు ఆయిలే కావాలి. బైకులకు పోసే టూటీ ఆయిలు గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. కిరోసిన్ రకమైతే పెట్రోలుతోనే మొదలుపెట్టి, వేడెక్కాక కిరోసిన్‌కు మార్చండి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తెచ్చి ఆపండి.

అన్నిటికన్నా ఎక్కువమంది వదిలేసేది నీటి పంపును. ఇంజను కాలు అడుగున చిన్న రబ్బరు చక్రం ఉంటుంది, దాన్ని ఇంపెల్లర్ అంటారు. సముద్రపు నీటిని పైకి తోడి ఇంజనును చల్లబరిచేది అదే. నెలల తరబడి కదలకుండా ఉంటే దాని రెక్కలు ఒకే వైపు వంగి బిగుసుకుపోతాయి, ఎండి పెళుసవుతాయి. ఒకసారి మా చిన్నాన్న తెప్ప మీద ఇంజను చక్కగా అంటుకుంది, అందరం సంతోషపడ్డాం. ఒడ్డు కనుమరుగు కాకముందే కాలిన వాసన వచ్చింది. ఆపి, తెడ్లు వేసుకుంటూ తిరిగి రావడానికి మధ్యాహ్నమైంది. విప్పి చూస్తే రెక్కల్లో రెండు విరిగిపోయి ఉన్నాయి. మెకానిక్ ఆ ముక్కల కోసం నీటి దారులన్నీ వెతికాడు. అవి లోపలే ఉండిపోతే కొత్త ఇంపెల్లర్ వేసినా నీరు అందదట. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి జూన్‌లో ఇంపెల్లర్ కొత్తదే. మీరూ అలాగే చేయండి, ఇంజనుతో పోలిస్తే దాని ఖర్చు ఎంతని?

గేరు ఆయిలు చూడటం ఐదు నిమిషాల పని. కింది స్క్రూ కొద్దిగా వదులు చేసి మొదటి చుక్కలు చూడండి. నీళ్లొచ్చినా, ఆయిలు పాలలా తెల్లగా వచ్చినా సీలు పోయినట్టే, బాగుచేయించే దాకా దింపొద్దు. ఫ్యాను, అంటే నీటిలో తిరిగే ప్రొపెల్లర్, విప్పి ఇరుసుకు వలదారం చుట్టుకుని ఉందేమో కూడా చూడండి. సీలును ఎక్కువగా కోసేది ఆ దారమే. కొత్త గేరు ఆయిలు కింది రంధ్రంలోంచి ఎక్కించి, పై రంధ్రంలోంచి కారేదాకా నింపి, ముందు పై స్క్రూ బిగించి తర్వాత కిందిది బిగించాలి.

ఇప్పుడు తాడు. ప్లగ్గులు పెట్టకముందే, అవి బయట ఉండగానే ఫ్లైవీలును కొన్నిసార్లు తిప్పి సిలిండర్లలో పోసిన ఆయిలు బయటికి పోనివ్వండి. తర్వాత కొత్త ప్లగ్గులు వేయండి. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, నీటిని పీల్చుకునే జల్లెడ పూర్తిగా మునిగేలా ఇంజను దింపండి. ఫ్యాను తీసే ఉంచండి, గేరు న్యూట్రల్లో ఉండాలి. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం నడిపినా కొత్త ఇంపెల్లర్ కాలిపోతుంది. మొదట తెల్లటి పొగ వస్తే కంగారొద్దు, అది మనం పోసిన ఆయిలే. కళ్లు మాత్రం పక్క నుంచి చిమ్మే నీటి ధార మీదే పెట్టండి. ధార రాకపోతే వెంటనే ఆపేయండి. ఒక్కోసారి ఆ రంధ్రంలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉంటుంది, సన్నటి తీగతో తీస్తే సరిపోతుంది. ధార ఆగకుండా వస్తుంటే పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడవనివ్వండి. డ్రమ్ములో రేసు పెంచొద్దు. మూసిన షెడ్డులో అసలు నడపొద్దు, పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

తెప్పకు బిగించేటప్పుడు అమరం పలకను, అంటే ఇంజను బిగించే వెనక పలకను, గోటితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే కొయ్య చివికిందన్నమాట. బిగింపు మరలు ఎంత గట్టిగా ఉన్నా, విడిగా ఒక తాడు వేసి ఇంజనును తెప్పకు కట్టండి.

మొదటి రోజు వేటకు పోవద్దు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల సూచన చూసుకుని, సముద్రం నెమ్మదిగా ఉన్న ఉదయం, మరో తెప్ప తోడుగా, ఒడ్డు కనబడే దూరంలోనే గంటసేపు తిప్పి రండి. మధ్యలో రెండు మూడుసార్లు ఆపి, వేడిగా ఉన్నప్పుడు మళ్లీ అంటుకుంటుందో లేదో చూడండి. ఇంజను ఆపే స్విచ్చు తాడు నడిపేవాడి చేతికి తగిలించి ఉండాలి. తెడ్లు, లంగరు, లైఫ్ జాకెట్లు, రెండు ప్లగ్గులు, ప్లగ్గు స్పానరు, ఒక అదనపు తాడు తెప్పలో ఉండాలి. కోస్ట్ గార్డు నంబరు 1554 ఫోనులో పెట్టుకోండి, సిగ్నల్ పోయేంత దూరం మాత్రం ఆ రోజు వెళ్లకండి. తిరిగొచ్చాక అదే డ్రమ్ములో మంచినీటితో మరో పది నిమిషాలు నడిపి, లోపలి ఉప్పు కడిగేయండి.