పసికందుకు ట్యూబ్ వేసేటప్పుడు: సైజు, లోతు, ఆ తర్వాత

పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డ దగ్గర ముందు అందుకోవాల్సింది మాస్కు. సరిగ్గా పట్టిన మాస్కుతో చాలామంది బిడ్డలకు శ్వాసనాళంలోకి వేసే ట్యూబ్ అవసరమే రాదు. అంచు గడ్డం మీద ఆనాలి, నోరూ ముక్కూ కప్పాలి, కళ్ల మీదికి పోకూడదు. గాలి నిమిషానికి 40–60 సార్లు ఇవ్వాలి. గర్భంలో 35 వారాలు నిండిన బిడ్డకు 21 శాతం ఆక్సిజన్‌తో మొదలుపెట్టాలి. ఛాతీ లేవకపోతే మాస్కు, తల సర్ది, నోరు, ఆపై ముక్కు సక్షన్ చేసి, నోరు కొద్దిగా తెరిచి, ఒత్తిడి కొంచెం కొంచెంగా పెంచండి. అయినా ఛాతీ కదలకపోయినా, గుండె వేగం పుంజుకోకపోయినా ట్యూబ్ వేయాల్సిందే. ఛాతీ నొక్కడం మొదలుపెట్టేముందూ అంతే.

కిలో లోపు బిడ్డకు 2.5, రెండు కిలోల దాకా 3.0, ఆపైన 3.5 మి.మీ. కఫ్ (కొన దగ్గర గాలితో ఉబ్బే బుడగ) లేని ట్యూబ్. గొంతులోకి చూసే పరికరమైన లారింగోస్కోప్‌కు నెలలు నిండితే 1, నిండకపోతే 0 నంబరు నిటారు బ్లేడ్. స్టైలెట్ (ట్యూబ్ లోపల పెట్టే గట్టి తీగ) వాడితే దాని మొన ట్యూబ్ కొన దాటకూడదు, దాటితే శ్వాసనాళానికి గాయమవుతుంది.

లారింగోస్కోప్ ఎడమచేత్తోనే పట్టాలి, ఎడమచేతివాటం వాళ్లయినా సరే. నోటి కుడిపక్క నుంచి దింపి, నాలుకను ఎడమకు నెట్టి, హ్యాండిల్ చూపే దిశలోనే మొత్తంగా పైకి ఎత్తండి. చిగురు మీద ఆనించి మెలితిప్పితే చిగురు చిట్లుతుంది, గొంతు మాత్రం కనబడదు. తిరగేసిన ‘వి’ లా కనిపించేవి వోకల్ కార్డ్స్ (స్వరతంత్రులు), ట్యూబ్ వాటి మధ్య నుంచే వెళ్లాలి. అవి మూసుకుని ఉంటే తెరుచుకునేదాకా ఆగాలి, బలవంతంగా తోయకూడదు. 30 సెకన్లలో కాకపోతే ఆపి, మళ్లీ మాస్కు పట్టండి.

వేశాక మొదట చూడాల్సింది ట్యూబ్‌కు తగిలించే కార్బన్ డయాక్సైడ్ డిటెక్టర్: ఊదా నుంచి పసుపుకు మారాలి. గుండె వేగమూ పెరగాలి. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటుంటే ట్యూబ్ సరిగ్గా ఉన్నా రంగు మారకపోవచ్చు. స్టెతస్కోప్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఇంత చిన్న ఒంట్లో పొట్టలోకి పోయే గాలి చప్పుడు చంకలోనూ వినిపిస్తుంది.

ఎక్కువ పొరపాట్లు లోతు దగ్గరే. బరువు కిలోల్లో, దానికి 6 కలిపితే పెదవి దగ్గర ఉండాల్సిన సెంటీమీటర్లు అనే పాత లెక్క ఉంది. కిలో లోపు బిడ్డల్లో అది ట్యూబ్‌ను మరీ లోపలికి పంపేస్తుంది. ముక్కు మధ్యగోడ నుంచి చెవి ముందున్న మొటిమలాంటి భాగం దాకా కొలిచి 1 సెం.మీ. కలపడం మేలు. ఎడమవైపు గాలి చప్పుడు తగ్గిందంటే ట్యూబ్ కుడి శ్వాసనాళంలోకి జారినట్టే; అర సెంటీమీటరు చొప్పున వెనక్కి లాగి మళ్లీ వినండి.

చర్మం తడి తుడిచాకే ప్లాస్టర్ అంటించి, పెదవి దగ్గరి అంకె కేస్‌షీట్‌లో రాయండి. ఎక్స్‌రే తీసేటప్పుడు మెడ ముందుకు వంగితే ట్యూబ్ కొన కిందికి దిగుతుంది, వెనక్కి వంగితే పైకి వస్తుంది. మెడ తిన్నగా లేని ఎక్స్‌రే చూసి ట్యూబ్ సరిచేస్తే రెండు తప్పులవుతాయి.

తర్వాత ఎప్పుడైనా సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఉన్నట్టుండి పడిపోతే వరుసగా చూడండి: ట్యూబ్ కదిలిందా, కఫంతో మూసుకుపోయిందా, ఊపిరితిత్తి పక్కన గాలి చేరిందా, మెషీన్ పాడైందా. వెంటిలేటర్ తీసి చేత్తో నొక్కే బ్యాగ్ పెట్టగానే బిడ్డ తేరుకుంటే లోపం మెషీన్‌లోనో దాని గొట్టాల్లోనో ఉంది.