సంధికాలంలో సంఘాన్ని నడిపించడం – 3వ పాఠం: గోడ మీద సంఘ చరిత్ర

ఒక కాపరి (పాస్టరు) వెళ్లి కొత్త కాపరి వచ్చేలోపు కాలమే సంధికాలం. ఆ కాలంలో సంఘాన్ని (చర్చిని) నడిపే తాత్కాలిక కాపరి కోసమే ఈ పాఠాలు. మొదటి పాఠంలో అతని ఒప్పంద పత్రం చూశాం. తాత్కాలిక కాపరి ఎన్నాళ్లుంటాడు (సాధారణంగా 12 నుంచి 18 నెలలు), ఏయే పనులు అతనివి, శాశ్వత కాపరి స్థానానికి అతని పేరు పరిశీలనలోకి రాదు అన్న షరతు అందులో ఉన్నాయి. రెండో పాఠంలో ఇళ్లకు వెళ్లి వినడం నేర్చుకున్నాం. ఇళ్లలో ఒక్కొక్కరు చెప్పుకున్నది ఇప్పుడు అందరూ కలిసి చెప్పుకోవాలి. సంఘాలకు సలహాలిచ్చే అమెరికా సంస్థ అల్బన్ ఇన్‌స్టిట్యూట్‌ను 1974లో స్థాపించిన లోరెన్ మీడ్, సంధికాలంలో సంఘం చేయాల్సిన పనులు అయిదని చెప్పాడు. తన గతాన్ని ఉన్నదున్నట్టు ఒప్పుకోవడం వాటిలో మొదటిది. ఇది తప్పితే మిగతా నాలుగూ పైపైనే జరుగుతాయి.

అందరూ కలిసి గతాన్ని చెప్పుకునే ఈ కూడికను మీరు వచ్చిన రెండో నెల చివర్లోనో మూడో నెలలోనో పెట్టండి. అంతకుముందైతే మిమ్మల్ని నమ్మి ఎవరూ నోరు విప్పరు. బాగా ఆలస్యమైతే, కొత్త కాపరి ఎలా ఉండాలో, అతన్ని వెతికే అన్వేషణ కమిటీ ఈలోగా రాసేసుకుంటుంది. ఆ రాతలో సగం వెళ్లిపోయిన కాపరి మీద కోపమో, బెంగో అయి ఉంటుంది. చనిపోయిన మోషే కోసం ఇశ్రాయేలీయులు 30 దినాలు దుఃఖించారు (ద్వితీయోపదేశకాండము 34:8). యొర్దాను దాటమన్న మాట, అతని తర్వాతి నాయకుడైన యెహోషువకు ఆ తర్వాతే వచ్చింది.

కావలసినవి: 6 మీటర్ల తెల్లకాగితం చుట్ట, లావు మార్కర్లు, మనిషికి అయిదు చొప్పున చీటీలు, అంటించే టేపు. కాగితాన్ని గోడకు ఛాతీ ఎత్తులో అంటించి, నడిమధ్య అడ్డంగా ఒక గీత గీయండి. సంఘ జీవితంలో సంతోషం కలిగించిన సంఘటనల చీటీలు గీతకు పైన, బాధపెట్టినవాటివి కింద. సంవత్సరాలను సమానంగా పంచకండి. 60 ఏళ్ల సంఘమైతే మొదటి 50 ఏళ్లలో పదేళ్లకు 70 సెంటీమీటర్లు, చివరి పదేళ్లకు 2 మీటర్లు ఇవ్వండి. ఈమధ్య జరిగినవాటికే చీటీలు ఎక్కువ పడతాయి. ఇంకా అర మీటరు మిగులుతుంది, దాన్ని ఖాళీగా ఉంచండి. స్థాపన, ప్రతిష్ఠ, ఒక్కో కాపరి వచ్చిన ఏడు, వెళ్లిన ఏడు మాత్రం బాప్తిస్మపు రిజిస్టరూ మినిట్స్ పుస్తకాలూ చూసి మీరే ముందుగా రాసిపెట్టండి. తేదీల మీద వాదం మొదలైతే సాయంత్రమంతా దానికే పోతుంది.

మొత్తం రెండున్నర గంటలు. పాట, ప్రార్థన, నియమాలు కలిపి పావుగంట. చీటీలు రాయడానికి 25 నిమిషాలు, అంటించడానికి 20. జనాన్ని కుటుంబాల వారీగా కాక, సంఘంలో చేరిన కాలాన్ని బట్టి కూర్చోబెట్టండి. ఒకే ఇంటివాళ్లు పక్కపక్కన ఉంటే చిన్నవాళ్లు పెద్దవాళ్ల చీటీనే మళ్లీ రాస్తారు. రాయలేనివాళ్ల పక్కన ఒక యవనస్థుణ్ణి ఉంచి, వాళ్లు అన్న మాటే రాయమనండి, దిద్దవద్దనండి. తర్వాత 50 నిమిషాలు అందరికంటే ముందు చేరినవాళ్లతో మొదలుపెట్టి ఒక్కో గుంపు చెబుతుంది. ఆపై అరగంట ఒకే ప్రశ్న: “ఇదంతా చూస్తే మీకేం కనబడుతోంది?” చివరి పది నిమిషాలు ప్రార్థన.

అసలు పాఠం ఆ అరగంటలో ఉంది. చీటీలు పడినచోటు కంటే పడనిచోటు ముఖ్యం. సంఘం చీలిన ఏడాది దగ్గర కాగితం తెల్లగా ఉందంటే అక్కడ నివురుగప్పిన నిప్పు ఉన్నట్టే. “ఇక్కడ ఎవరూ ఏమీ రాయలేదు. ప్రశాంతంగా గడిచిన కాలమా?” అని అడిగి, మనసులో 20 లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దాన్ని మీ మాటతో నింపారో, అవకాశం పోయినట్టే. ఇంకోటి, కాపరుల రాకపోకలు వరసగా చూపించండి. నలుగురు కాపరులూ మూడో ఏడో నాలుగో ఏడో డబ్బు విషయంలో పెద్దలతో పడక వెళ్లిపోయారని తేలితే, లోపం ఆ నలుగురిలోనే వెతకడం కష్టమవుతుంది. ఆ మాట మీ నోటినుంచి రాకూడదు. వాళ్లే గోడ చూసి అనుకోవాలి. మీరంటే నింద అవుతుంది.

గీతకు కింద ఒక్క చీటీ కూడా లేకపోతే సంతోషించకండి. మునుపటి కాపరి కోసం బెంగ ఇంకా తీరలేదన్నమాట. వచ్చే కాపరిని ప్రతి ఆదివారం ఆయనతోనే తూస్తారు. అలాంటి సంఘానికి వీడ్కోలు ఆరాధన ఒకటి సరిగ్గా జరిగిందో లేదో కనుక్కోండి. చాలాచోట్ల జరిగి ఉండదు.

చెడిపోయేది సాధారణంగా నియమాల దగ్గర. సంఘటన చెప్పవచ్చు, ఫలానా మనిషి మీద నేరం మోపకూడదు అని ముందే చెప్పండి. అయినా నిధుల గోల్‌మాల్, లైంగిక వేధింపు వంటిది బయటపడితే కూడికలో విచారించకండి, కొట్టిపారేయకండి కూడా. చెప్పిన వ్యక్తిని ఆ రోజే విడిగా కలిసి, మీ పైఅధికార సభకు రాతపూర్వకంగా తెలియజేయండి. బాధితులు పిల్లలైతే పోలీసులకు చెప్పి తీరాలి. సంఘం పరువు అడ్డురాకూడదు.

“మీరే ఉండిపోండి అయ్యగారూ” అని ఎవరో ఒకరు అంటారు, ముఖ్యంగా కూడిక బాగా జరిగితే. నవ్వి ఊరుకోవద్దు. ఒప్పందంలోని షరతు అక్కడే గుర్తుచేయండి.

ఆ సాయంత్రమే కాగితమంతా ఫొటో తీసుకోండి, రాత్రికి రాత్రి చీటీలు మాయమవుతుంటాయి. మూడు ఆదివారాలు గోడ మీదే ఉంచితే రానివాళ్లు కూడా రాస్తారు. తర్వాత కార్యదర్శి చేత రెండు పేజీల్లో ఎక్కించి అన్వేషణ కమిటీకి ఇప్పించండి.

అభ్యాసం: మీ సంఘపు రిజిస్టర్లు తీసి, గత 30 ఏళ్లలో కాపరులు వచ్చిన, వెళ్లిన సంవత్సరాలు ఒక కాగితం మీద రాయండి. ఒకరు వెళ్లి ఇంకొకరు వచ్చేలోపు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో, ఆ నెలల్లో సంతకాలు ఎవరు పెట్టారో పక్కనే గుర్తుపెట్టండి. అధికారం చేతులు మారడం గురించిన 4వ పాఠానికి ఆ సంతకాల వరస కావాలి.