స్కర్టులో పరుగుకీ కొండకీ వెళ్లే ఆడవాళ్లకు వానాకాలం జాగ్రత్తలు

మా అమ్మమ్మ వరి నాట్లకు వెళ్లేటప్పుడు చీర కుచ్చిళ్లు పైకి లాగి నడుములో దోపుకునేది. తడిసిన చీర పిక్కలకు చుట్టుకుంటే బురదలో అడుగు పడదని చెప్పేది. వానాకాలంలో నేను లెగ్గింగ్స్ పక్కన పెట్టి రన్నింగ్ స్కర్టుకు మారడానికి కారణం కూడా అదే. వానలో గంటసేపు పరిగెత్తితే లెగ్గింగ్స్ కాలికి అతుక్కుని బరువెక్కుతాయి, మోకాలు వంచిన ప్రతిసారీ లాగుతుంటాయి. స్కర్టులో ఆ ఇబ్బంది లేదు. వాన వెలిసిన కాసేపటికే కాళ్లు ఆరిపోతాయి.

కానీ అమ్మమ్మ కాళ్లకు ఉన్న అలవాటు మన కాళ్లకు లేదు. గడ్డిలో, పొదల్లో, నిలిచిన నీళ్లలో ఏమున్నా మొదట తగిలేది మోకాలి కింద ఏ ఆచ్ఛాదనా లేని చర్మానికే. లెగ్గింగ్స్ వేసుకున్నప్పుడు పట్టించుకోనక్కర్లేని చాలా సంగతులు స్కర్టుతో వెళ్లేటప్పుడు ముందే చూసుకోవాలి. జూన్‌లో తొలకరి పడేలోపు మా రన్నింగ్ గ్రూపులో కొత్తగా చేరిన అమ్మాయిలను కూర్చోబెట్టుకుని నేను చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అందరూ స్కర్టే వేసుకోవాలని మాత్రం నేను చెప్పను. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో ఆడవాళ్లంతా స్కర్టే వేసుకోవాలని నిబంధన తేబోయి, అన్ని వైపుల నుంచీ వ్యతిరేకత రావడంతో 2012లో వదిలేసింది. మంచి పని చేసింది. ఏది వేసుకుంటే ఒళ్లు తేలిగ్గా కదులుతుందో వేసుకునే మనిషికే తెలుస్తుంది. 2004లో నికోల్ డిబూమ్ అనే అమెరికన్ క్రీడాకారిణి తాను రూపొందించిన నమూనా స్కర్టు వేసుకునే ఐరన్‌మ్యాన్ విస్కాన్సిన్ పోటీ గెలిచింది. ఈత, సైకిలు, చివర్లో పూర్తి మారథాన్ పరుగు ఉండే పోటీ అది. ఈ బట్టలో ఎంత దూరమైనా వెళ్లొచ్చనడానికి నాకు ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ముందు స్కర్టును తడిపి చూడండి

రన్నింగ్ స్కర్టంటే బయట పల్చటి గుడ్డ, లోపల బిగుతుగా ఉండే షార్ట్స్, రెండూ కలిపి కుట్టినది. కొనేటప్పుడు మన కళ్లు బయటి గుడ్డ మీదే ఉంటాయి. పరుగులో మనల్ని కాపాడేది మాత్రం లోపలి షార్ట్స్. అది తొడలు ఒరుసుకునే చోటు దాటి ఇంకో రెండు వేళ్లు కిందికి దిగాలి. నాకు 5 అంగుళాల కాలు పొడవు సరిపోతుంది. తొడలు నిండుగా ఉన్నవాళ్లు 7 అంగుళాలది వేసుకుని చూడండి. కాటన్ వద్దు, నీళ్లు పీల్చుకుని వదలదు.

నా మొదటి హాఫ్ మారథాన్ ఒక ఆగస్టులో పరిగెత్తాను. కొత్త స్కర్టు. వారం రోజులు వేసుకుని చూశాను, బాగానే ఉంది. పోటీ రోజు పన్నెండో కిలోమీటరు దగ్గర వాన అందుకుంది. లోపలి షార్ట్స్ తడిసి పైకి చుట్టుకుపోవడం మొదలైంది. కిందికి లాక్కోవడం, నాలుగడుగులు వేయడం, మళ్లీ లాక్కోవడం. చివరికి తొడల లోపలివైపు చర్మం లేచిపోయింది. స్నానం చేస్తుంటే ఏడుపొచ్చింది. నాలుగు రోజులు కాళ్లు ఎడంగా పెట్టి నడిచాను. వారమంతా నేను ఆ స్కర్టును పొడిగా ఉన్నప్పుడే చూశాను.

అందుకే బాత్‌రూమ్‌లో స్కర్టు వేసుకుని నాలుగు మగ్గుల నీళ్లు నడుము నుంచి పోసుకోండి. ఫోను ఎప్పుడూ పెట్టుకునే జేబులో దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పెట్టండి. ఇరవై నిమిషాలు అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగండి. షార్ట్స్ పైకి పాకితే ఆ స్కర్టు వేసవికే ఉంచుకోండి. తడి బరువుకు, ఫోను బరువుకు నడుము దగ్గర జారుతుంటే లోపల బొందు ఉందో లేదో చూడండి. ఎలాస్టిక్ ఒక్కటే ఉన్న స్కర్టును నేను వానలో నమ్మను. లేత రంగు గుడ్డ తడిస్తే ఎంత పల్చగా కనిపిస్తుందో కూడా అద్దంలో అప్పుడే చూసుకోవచ్చు.

బయలుదేరే ముందు తొడల లోపలివైపు, గజ్జల దగ్గర, నడుము పట్టీ కింద, స్పోర్ట్స్ బ్రా అంచు వెంట వాజెలిన్ రాసుకోండి. పౌడరు వద్దు, తడికి ఉండలు కట్టి ఇంకా గీరుతుంది. గంటన్నర దాటే పరుగైతే చిన్న డబ్బాలో కొంచెం వెంట పెట్టుకోండి. కాళ్లు షేవ్ చేసుకునేవాళ్లు రెండు రోజుల ముందే ఆ పని ముగించుకోండి. బ్లేడు గీతలు కంటికి కనిపించవు, మురికి నీళ్లు మాత్రం వాటిలోంచే లోపలికి వెళ్తాయి.

నెలసరి రోజుల్లో వాన పరుగుంటే ప్యాడ్ తడిసి దాని అంచులు చర్మాన్ని కోస్తాయి. మెన్‌స్ట్రువల్ కప్ అలవాటున్నవాళ్లకు ఈ బాధ తక్కువ. అలవాటు లేనివాళ్లు పోటీ రోజునే దాన్ని మొదటిసారి వాడొద్దు. కనీసం రెండు నెలలు ఇంట్లో వాడి చూశాకే పరుగుకు. ప్యాడే అయితే రెక్కల కింద, అంచుల పక్కన చర్మానికి వాజెలిన్ పట్టించండి. ముదురు రంగు స్కర్టు వేసుకుంటే మనసుకి టెన్షన్ ఉండదు.

ఊళ్లో పరిగెత్తేటప్పుడు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో ఉంటుంది కాబట్టి మాకు పొడవైన పరుగులన్నీ జూన్, జూలైల్లోనే పడతాయి. నెక్లెస్ రోడ్డు మీదైనా, కేబీఆర్ పార్కు చుట్టూ అయినా, విశాఖ బీచ్ రోడ్డులోనైనా ఒక నియమం పెట్టుకోండి. అడుగు కనిపించని నీళ్లలో కాలు పెట్టొద్దు. మూత లేని మ్యాన్‌హోల్ ఉందో, కరెంటు స్తంభం నుంచి తీగ తెగి పడిందో పైనుంచి తెలియదు. వెనక్కి తిరిగితే శిక్షణలో రెండు కిలోమీటర్లు తగ్గుతాయి, అంతే. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు గీతలున్న చర్మానికి తగిలితే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది. తప్పనిసరై నీళ్లలో నడవాల్సి వస్తే ఇంటికి రాగానే సబ్బుతో పాదాల నుంచి తొడల దాకా కడుక్కోండి.

కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. కళ్లలోకి సూటిగా చూడకుండా, వీపు తిప్పకుండా, మెల్లగా పక్కకు తప్పుకోండి. పిక్క మీద పన్ను గీరి కాస్త ఎర్రబడినా తేలిగ్గా తీసుకోవద్దు. కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా కోసం ఆసుపత్రికి వెళ్లండి. పసుపు, కారం, సున్నం ఏవీ గాయానికి పెట్టొద్దు.

డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, తెల్లవారాక, సాయంత్రం చీకటి పడేలోపు మరీ ఎక్కువ. మనం పరిగెత్తే వేళలూ అవే. కాళ్లకు ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక దాని మీద దోమల మందు రాయండి. మందులో డీట్ అనే రసాయనం ఉంటే స్కర్టు మీద చల్లొద్దు, సాగే స్పాండెక్స్ గుడ్డ పాడైపోతుంది. అరచేతిలో వేసుకుని చర్మానికి మాత్రమే పట్టించండి.

ఇక చూపుల సంగతి. స్కర్టులో పరిగెత్తే అమ్మాయిని ఆపి సలహా చెప్పేవాళ్లు ఉంటారు, బండి నెమ్మది చేసి చూసేవాళ్లూ ఉంటారు. తప్పు వాళ్లదే. బట్ట మార్చుకోవాల్సిన అవసరం మనకు లేదు. అయినా వాన రోజున తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఒక్కరే వెళ్లొద్దు. ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ పంపండి, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు. ఆడవాళ్లను వేధించేవాళ్ల పని పట్టడానికి తెలంగాణలో 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు ఉన్నాయి. ఎక్కడున్నా 112కు ఫోన్ చేయొచ్చు. ఒకే బండి రెండోసారి కనిపిస్తే మూడోసారి కోసం ఎదురుచూడకండి.

కొండ ఎక్కేటప్పుడు

కొండకు వెళ్లేటప్పుడు స్కర్టుకు తోడు మోకాలి దాకా వచ్చే మేజోళ్లు తప్పనిసరి అంటాను. లేత రంగువి తీసుకోండి, పాకే పురుగు ఏదైనా కంటికి కనిపిస్తుంది. మూసీ పుట్టిన అనంతగిరి కొండల్లో వానాకాలం గడ్డి మోకాళ్ల దాకా పెరుగుతుంది. ఉత్తరేణి గింజలు గుడ్డకు పట్టుకుంటే విడిపించడానికి గంట పడుతుంది. కర్ణాటకలో కుద్రేముఖ్ వైపు వెళ్తే జలగలు పట్టుకుంటాయి. అక్కడికి మామూలు మేజోళ్లు చాలవు, నేత దగ్గరగా ఉండి మోకాలి కింద బిగించుకునే జలగ మేజోళ్లు కొనుక్కోండి. జలగ పట్టుకుంటే గట్టిగా లాగొద్దు. నోరు ఆనిన చోట చర్మం వెంబడి గోరు జరుపుతూ విడిపించండి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి కాసేపు కారుతూనే ఉంటుంది. భయపడకుండా గుడ్డతో అదిమి పట్టుకోండి.

పట్టీలు, మెట్టెలు కొండకు బయలుదేరే ముందే తీసి ఇంట్లో పెట్టండి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. పాము కాటేస్తే కాలు వాచిపోతుంది, మెట్టె వేలికి బిగుసుకుని రక్తం ఆడనివ్వదు, అడవిలో దాన్ని కోసే సాధనం మన దగ్గర ఉండదు. రక్తపింజర గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది, కాటు ఎక్కువగా పాదం, చీలమండ, పిక్క మీదే పడుతుంది. చీలమండ కప్పే బూట్లు వేసుకోండి. ముందు కర్రతో గడ్డి తట్టి ఆ తర్వాత అడుగేయండి. పడిన చెట్టు మొద్దును నేరుగా దాటకుండా, దాని మీద నిలబడి అవతల చూసి దిగండి. కాటు పడితే మనిషిని కదలనివ్వకుండా, కాలికి కర్ర ఊతంగా కట్టి, మోసుకుని కిందికి తెచ్చి 108కి ఫోన్ చేయాలి. కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, ఏదీ చేయొద్దు. పాము విషానికి మందు ఆసుపత్రిలో ఎక్కించేదే.

భువనగిరి కోట రాయి సంగతి వేరే. అదంతా ఒకే పెద్ద రాతి కొండ. 2014 మేలో 13 ఏళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండలెక్కడం నేర్చుకున్నది అక్కడే. పొడిగా ఉన్నప్పుడు బూటు బాగా పట్టే రాయి, వాన పడగానే నాచుతో సబ్బులా జారుతుంది. జారితే మోకాళ్లు, తొడ పక్కలు రాతికి గీరుకుంటాయి. రాతి కొండకు వెళ్లే రోజున నేను స్కర్టు కింద మోకాలి దాకా వచ్చే పొడవు షార్ట్స్ వేసుకుంటాను. వాన పడుతుంటే అసలు ఎక్కను. పైన గాలి స్కర్టును ఎగరేస్తుంది, ఒక చెయ్యి దాన్ని పట్టుకోవడానికి పోతే పట్టు తప్పుతుంది. లోపల షార్ట్స్ ఉన్నాయి కదా, ఎగరనివ్వండి, రెండు చేతులూ రాతి మీదే ఉంచండి. ఉరుము వినిపిస్తే శిఖరం వదిలి కిందికి దిగాలి, ఒంటరి చెట్టు కింద నిలబడకూడదు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఫోన్లో వేసుకుంటే దగ్గర్లో పిడుగుల జాడ తెలుస్తుంది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి మళ్లీ నడవండి.

వాగు దాటేటప్పుడు నీళ్లు మోకాలు దాటితే వెనక్కి రండి. స్కర్టు తడవదన్న ధైర్యంతో లోతుకు వెళ్లినవాళ్లను చూశాను. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా పైన ఎక్కడో గట్టి వాన పడిందని అర్థం. అప్పుడు ఒడ్డున కూడా ఉండకండి, గట్టు పైకి ఎక్కండి.

సంచిలో ఒక పల్చటి లుంగీ పెట్టుకోండి. మన కొండల మీద గుడి లేనిది అరుదు. అనంతగిరిలో పద్మనాభస్వామి ఉన్నాడు, దర్శనానికి వెళ్తే స్కర్టు మీద చుట్టుకోవచ్చు. తడి బట్టలు మార్చుకునేటప్పుడు తెరగా కూడా పనికొస్తుంది. అలిపిరి మెట్ల దారికి మాత్రం నేను చుడీదార్‌లోనే వెళ్తాను. 3,550 మెట్లు శిక్షణకు బాగుంటాయని కొందరు అంటారు, కానీ అక్కడ మోకాళ్ల మీద ఎక్కేవాళ్లు, మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్ల మధ్య పరుగు నాకు ఇష్టం ఉండదు.

ఇంటికొచ్చాక

తడి షార్ట్స్‌తో కారులో కూర్చుని ఇడ్లీ తినడానికి ఆగే అలవాటు మానండి. గజ్జల్లో తామర అలాగే మొదలవుతుంది. పొడి లోదుస్తులు కారులోనే ఉంచుకుని వెంటనే మార్చుకోండి. తామర వస్తే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు తెచ్చి రాయొద్దు. రెండు రోజులు తగ్గినట్టు ఉండి తర్వాత ఇంకా పాకుతుంది. చర్మ డాక్టరుకు చూపించండి.

కొండ నుంచి వచ్చిన రోజు స్నానానికి ముందు అద్దం ముందు నిలబడి ఒళ్లంతా చూసుకోండి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెచ్చే నల్లి పిల్ల (మంచాల్లో ఉండే నల్లి కాదు, పొదల్లో ఉండే మైట్) కంటికి కనిపించనంత చిన్నది. పొదల్లోంచి కాలెక్కి బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగి కుడుతుంది. మన విషయంలో ఆ చోటు షార్ట్స్ అంచు, గజ్జలు, నడుము పట్టీ, బ్రా కింద. ఆ గీతల వెంట సబ్బుతో బాగా రుద్ది కడగండి, వేసుకున్న బట్టలు వేడినీళ్లలో ఉతకండి.

మా గ్రూపులో ఒకామెకు కొండకు వెళ్లొచ్చిన పది రోజులకు జ్వరం పట్టుకుంది. తలనొప్పి, ఒళ్లు నొప్పులు. డెంగీ పరీక్ష చేశారు, టైఫాయిడ్ పరీక్ష చేశారు, ఏదీ తేలలేదు. ఎనిమిదో రోజున నడుము పట్టీ కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందని ఆమె చెల్లెలు చూసింది. అది నొప్పి పెట్టదు, దురద పెట్టదు, అందుకే ఆమెకే తెలియలేదు. అది స్క్రబ్ టైఫసే. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. కాబట్టి కొండకు వెళ్లొచ్చిన మూడు వారాల్లోపు జ్వరం వస్తే డాక్టరు దగ్గర మొదటి మాటగా పొదల్లో తిరిగొచ్చానని చెప్పండి. అలాంటి పెచ్చు ఉంటే సిగ్గుపడకుండా చూపించండి. మందు డాక్టరు చెప్పినన్ని రోజులూ వాడండి. జ్వరం తగ్గిన వారం నడకే, పరుగు ఆ తర్వాత.